ఒక నెల తేడా

ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నా మొదట తెరమీద “హలో వరల్డ్” అని చూపించే ప్రోగ్రాం రాయడం ఆనవాయితీ. 1978లో కెర్నిగాన్, రిచీ రాసిన సీ భాష పుస్తకంతో ఆ అలవాటు లోకమంతా పాకింది. జగ్గయ్యపేటలో ఒకాయన మాత్రం ఏ భాష పట్టుకున్నా మొదట వడ్డీ లెక్క రాసేవాడు.

ఆయనది నందిగామలో గుమాస్తా ఉద్యోగం. పొద్దున జగ్గయ్యపేటలో బస్సెక్కేవాడు. చిల్లకల్లు మీదుగా హైవే పట్టుకుని నందిగామలో దిగేవాడు. సాయంత్రం మళ్ళీ అదే దారి. ఆఫీసు అయ్యాక బస్సుకు కొంత వ్యవధి ఉండేది. 1990ల్లో ఆ వ్యవధిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరి బేసిక్ నేర్చుకున్నాడు. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల ప్రొఫెసర్లు, సైన్సు చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్‌తో పనిచేయించుకోవాలని తయారుచేసిన భాష అది. బీకాం చదివిన ఆయనకు సరిగ్గా సరిపోయింది.

అక్కడ ఇచ్చిన మొదటి అభ్యాసం బారువడ్డీ. అసలు, రేటు, కాలం ఇస్తే వడ్డీ చెప్పాలి. పుస్తకంలో సాలుకు నూటికి పన్నెండు అని ఉంది. ఆయన ఊళ్ళో అలా ఎవరూ చెప్పరు. నూటికి నెలకు రెండు రూపాయలు అంటారు. ఆయన రేటు మార్చాడు. సంవత్సరాలు తీసేసి నెలలు పెట్టాడు. మీట నొక్కగానే జవాబు వచ్చింది. ఆ రోజు ఆఖరి బస్సుకి ఇల్లు చేరాడు.

తర్వాత ఇంట్లోకి కంప్యూటర్ వచ్చింది. పాస్కల్ నేర్చుకుని పులి-మేక ఆట రాశాడు. సీ నేర్చుకుని జగ్గయ్యపేట, నందిగామల మధ్య బస్సు వేళలు చెప్పే ప్రోగ్రాం రాశాడు. పైథాన్‌లో పద్యానికి గురులఘువులు గుర్తించి గణాలు విడదీసేది రాశాడు. వీటిని ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. ఒక్కో భాష ఒక్కో క్రమశిక్షణ నేర్పుతుందని ఆయన నమ్మకం. పాస్కల్‌లో ఏ పెట్టెలో ఏ రకం విలువ పెడతామో ముందే చెప్పాలి. సీలో కావలసినంత మెమరీ మనమే అడిగి తీసుకోవాలి, పని అయ్యాక మనమే తిరిగి ఇచ్చెయ్యాలి. 2015లో మొదటి పూర్తి రూపం వచ్చిన రస్ట్‌లో ప్రతి విలువకూ యజమాని ఒక్కరే. అరువిస్తే ఎవరికిచ్చారో, ఎంతసేపటికిచ్చారో కంపైలర్ లెక్క అడుగుతుంది. ఆ లెక్క తేలకపోతే ప్రోగ్రాం అడుగు కదలదు. అన్ని భాషల్లోకీ ఆయనకు నచ్చిన నియమం అదే.

ఏ భాషలో ఏది రాసినా మొదటిది వడ్డీ లెక్కే. డిస్కులో ఒక్కో భాష పేరుతో ఒక్కో ఫోల్డర్ ఉండేది. ప్రతిదాంట్లో మొదటి ఫైలు పేరు వడ్డీ.

వాళ్ళ నాన్న పోయాక ఊళ్ళో ఇల్లు సర్దుతుంటే పద్దు పుస్తకం దొరికింది. ఎర్రగుడ్డ అట్ట, పొడుగు కాగితాలు.

ఆ ఊరు పాలేటి ఒడ్డున ఉంది. అప్పటి కృష్ణా జిల్లాలో మెట్ట. సాగర్ ఎడమ కాలువ నీళ్ళొచ్చాక మిరపా పత్తీ పెరిగాయి. వాటితోపాటు పెట్టుబడులు పెరిగాయి. మిరప నారు పోసేటప్పుడు అప్పు తీసుకుని, కాయలు అమ్ముకున్నాక తీర్చేవాళ్ళు. వాళ్ళ నాన్న వడ్డీ వ్యాపారి కాదు, రైతే. అవసరమని వచ్చినవాళ్ళకు లేదనకుండా ఇచ్చేవాడు. రేటు నూటికి రెండే. ఊళ్ళో కొందరు మూడు తీసుకునేవాళ్ళు. ఇద్దరి మధ్య లెక్క తేలకపోతే ఆయన అరుగు మీదికే వచ్చేవాళ్ళు. ఆయన పద్దంటే పద్దే, పైసా అటూ ఇటూ ఉండదని పేరు.

కొడుకు ఆ పుస్తకాన్ని జగ్గయ్యపేట తెచ్చుకున్నాడు. ఇన్నేళ్ళూ ఊహించుకున్న అంకెలతో పరీక్షించిన ప్రోగ్రాంకి నిజమైన లెక్కలు దొరికాయి. పుస్తకమంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకున్నాడు.

తెలుగులో టైపు చేయడానికి లేఖిని వాడాడు. అదీ ఒకరు ఇష్టంతో చేసి అందరికీ ఊరికే ఇచ్చినదే. వీవెన్ అనే పేరుతో రాసే ఇంజనీరు చేశాడు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది. అలాంటి పద్ధతిని అంతకు చాలా ముందే అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారుచేశారు. అమ్మకానికి పెట్టిన సరుకు కంటే ఇలా ఒకరి ముచ్చటకొద్దీ పుట్టిన పనులే కంప్యూటర్‌లో తెలుగును నిలబెట్టాయని గుమాస్తా ఎప్పుడూ అనేవాడు.

పుస్తకంలో ఇంగ్లీషు తేదీలు లేవు. సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి ఉన్నాయి. ఆయన చైత్రానికి ఒకటి, ఫాల్గుణానికి పన్నెండు అని అంకెలు ఇచ్చాడు. అప్పు ఇచ్చిన మాసానికీ తీర్చిన మాసానికీ మధ్య ఎన్ని నెలలో ప్రోగ్రాం లెక్క కట్టాలి. నెలకు నూటికి రెండు చొప్పున వడ్డీ చెప్పాలి. వాళ్ళ నాన్న రాసిన అంకెతో సరిచూడాలి.

చాలా పద్దులు సరిపోయాయి. కొన్ని సరిపోలేదు.

సరిపోని ప్రతి పద్దులోనూ తేడా ఒకటే. పుస్తకంలో వడ్డీ ఒక నెల ఎక్కువ ఉంది. రెండు నెలలు కాదు, పది రోజులు కాదు. సరిగ్గా ఒక నెల.

ప్రోగ్రాంలో తప్పు ఉందనుకున్నాడు. ఒకటి ఎక్కువో తక్కువో రావడం ప్రోగ్రాములు రాసే ప్రతివాడికీ అనుభవమే. సీ, జావా, పైథాన్ వరుసలోని మొదటి దాన్ని సున్నా అంటాయి. ఫోర్ట్రాన్, లువా ఒకటి అంటాయి. సున్నాతోనే ఎందుకు మొదలుపెట్టాలో డైక్‌స్ట్రా 1982లో ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. నెలలు లెక్కపెట్టడంలో మొదటి నెలను కలపాలా, చివరి నెలను కలపాలా అన్న చోట తడబడ్డానేమోనని ఆయన అన్ని వరుసలూ వెతికాడు. అక్కడ తప్పుంటే అన్ని పద్దుల్లోనూ రావాలి. కొన్నిట్లోనే వస్తోంది.

దశాంశాల సంగతి చూశాడు. చాలా భాషల్లో 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు. చివర ఎక్కడో ఒక నాలుగు తగులుతుంది. కంప్యూటర్ లోపల లెక్క రెండ్లలో నడుస్తుంది కాబట్టి పదో వంతు దానిలో పూర్తిగా ఇమడదు. కానీ ఆ తేడా పైసాలో కోటానుకోట్ల వంతు. ఇక్కడ పోయేది నెల.

లీపు సంవత్సరం చూశాడు. తేడా ఎక్కువగా వచ్చిన విభవ నామ సంవత్సరం 1988లో మొదలైంది. 1988 లీపు సంవత్సరమే. కాస్త ఆశ కలిగింది. లీపు సంవత్సరాల దగ్గర పెద్దవాళ్ళే తప్పారు. ఎక్సెల్ ఈ రోజుకీ 1900ను లీపు సంవత్సరమనే చెబుతుంది. అది లోటస్ అనే పాత ప్రోగ్రాం నుంచి వచ్చిన తప్పు. కానీ క్రోధనలోనూ ప్రజోత్పత్తిలోనూ అదే తేడా వస్తోంది. అవి 1985లోనూ 1991లోనూ మొదలయ్యాయి. రెండూ లీపు సంవత్సరాలు కావు.

భాష మార్చాడు. పైథాన్‌లో రాసింది పక్కనపెట్టి రస్ట్‌లో మొదటినుంచి రాశాడు. అదే తేడా. జావాలో రాశాడు. అదే తేడా. పాత బేసిక్ బయటికి తీశాడు. అదే తేడా. భాషలన్నీ ఒకే మాట మీద నిలబడ్డాయి. వాళ్ళ నాన్న ఇంకో మాట మీద ఉన్నాడు.

తల్లి వసారాలో కందులు చెరుగుతోంది. కొడుకు గొణుగుడు విని అడిగింది.

“ఏ ఏడురా తేడా వచ్చింది?”

“విభవలోనమ్మా.”

“విభవలో జ్యేష్ఠాలు రెండొచ్చాయిగా. మంచిరోజులు లేవని మీ అక్క పెళ్ళి శ్రావణానికి జరిపాం.”

ఆయన చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. అధికమాసం ఆయనకు తెలియనిది కాదు. ముహూర్తాలు లేని నెలగా తెలుసు. ఆయన జీతం ఎప్పుడూ ఇంగ్లీషు నెల లెక్కన పడేది. డబ్బుకీ అధికమాసానికీ ముడిపెట్టే అవసరం ఎన్నడూ రాలేదు.

పాత పంచాంగాలు వెతికించాడు. క్రోధనలో అధిక శ్రావణం. విభవలో అధిక జ్యేష్ఠం. ప్రజోత్పత్తిలో అధిక వైశాఖం. తేడా వచ్చిన పద్దులన్నీ ఈ మూడు నెలల్లో ఏదో ఒకదాని మీదుగా నడిచినవే.

వాళ్ళ నాన్న నెలంటే అమావాస్య నుంచి అమావాస్య. అలాంటివి పన్నెండు కలిస్తే 354 రోజులు. సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. ఆ లోటు పెరుగుతూ పోతే ఉగాది వర్షాకాలంలోకి వెళ్ళిపోతుంది. అందుకే పంతొమ్మిదేళ్ళలో ఏడు నెలలు అదనంగా వస్తాయి. ఏ నెల అదనమో తేల్చడానికి నియమం ఉంది. సూర్యుడు ఒక రాశి నుంచి ఇంకో రాశికి మారడం సంక్రమణం. రెండు అమావాస్యల మధ్య సంక్రమణం లేకపోతే అది అధికమాసం. 1988 మే నెల మధ్యలో అమావాస్యకు ముందే సూర్యుడు వృషభంలోకి వెళ్ళాడు. జూన్ మధ్యలో మళ్ళీ అమావాస్య వచ్చేదాకా మిథునంలోకి రాలేదు. కాబట్టి జ్యేష్ఠాలు రెండు.

ఈ నియమాన్ని ప్రోగ్రాంగా రాయాలంటే సూర్యచంద్రుల స్థానాలు లెక్కకట్టాలి. డెర్షోవిట్జ్, రీంగోల్డ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు లోకంలోని ముఖ్యమైన కేలండర్ల లెక్కలు లిస్ప్ భాషలో రాసి 1997లో పుస్తకంగా తెచ్చారు. సూర్యసిద్ధాంతం ప్రకారం హిందూ పంచాంగమూ అందులో ఉంది. లిస్ప్ 1958 నాటి భాష, మెకార్తీ సృష్టి. ఆ పుస్తకం అర్థం కావడానికి ఆయన లిస్ప్ నేర్చుకున్నాడు. అందులో కూడా మొదట వడ్డీ లెక్కే రాశాడు. తర్వాత పంచాంగం లెక్కను కొద్దికొద్దిగా పైథాన్‌లోకి తెచ్చుకున్నాడు.

చివరికి ఒక ఫంక్షన్ తయారైంది. దానికి రెండు తిథులు ఇస్తే మధ్యలో ఎన్ని నెలలో చెబుతుంది. అధికమాసం ఉంటే కలుపుతుంది. విభవ ఉగాది, శుక్ల ఉగాది ఇచ్చాడు. పదమూడు అని వచ్చింది.

పద్దులన్నీ మళ్ళీ నడిపాడు. అన్నీ సరిపోయాయి. ఒక్క దాంట్లోనూ పైసా తేడా లేదు.

“నాన్న తప్పు రాయలేదమ్మా.”

“ఆయన తప్పెందుకు రాస్తాడు?” అంది తల్లి.

మర్నాడు బస్సులో పక్క సీటాయనకు అధికమాసం సంగతంతా వివరించాడు. చిల్లకల్లులో మొదలుపెడితే నందిగామ వచ్చింది. ఏ కంప్యూటరూ లేకుండా, అరుగు మీద కూర్చుని, సూర్యచంద్రుల లెక్క తప్పకుండా పద్దు రాసిన మనిషి తన తండ్రి అని చెప్పాడు.

వాళ్ళ వీధిలో ఒక కుర్రాడు నందిగామలో డిగ్రీ చదువుతున్నాడు. ఆదివారాలు ఆయన దగ్గరికి వచ్చి పైథాన్ నేర్చుకునేవాడు. ఆయన తనకు తెలిసినదంతా దాచుకోకుండా చెప్పేవాడు. నేర్చుకునేవాడు కూడా గట్టివాడు. పంచాంగం ఫంక్షన్ చూపిస్తే వరుస వరుసా చదివాడు.

“బాగుంది సార్. కానీ ఇది వడ్డీ లెక్కతో రాసి వడ్డీ లెక్కతోనే పరీక్షించాం. వేరే రకం లెక్క ఒకటి ఇస్తే గట్టిదో కాదో తెలుస్తుంది.”

ఆయనకు ఆ మాట నచ్చింది. పద్దు పుస్తకాన్ని తలకిందులు చేసి వెనకనుంచి తెరిచాడు. ముందు వైపు నుంచి అప్పులు రాస్తే, వెనక వైపు నుంచి పాలేళ్ళ జీతాలు రాసి ఉన్నాయి. ఆ ఊళ్ళో ఉగాదికి జీతం మాట్లాడుకునేవాళ్ళు. మళ్ళీ ఉగాదికి లెక్క చూసుకునేవాళ్ళు. పనికి రాని రోజులు నాగాలు. రోజుకింత అని తీసేసి మిగతాది ఇచ్చేవాళ్ళు.

పేర్లు వద్దనుకున్నాడు. ఒకటో పద్దు, రెండో పద్దు అని మాత్రం చెబుతూ అంకెలు చదివాడు. కుర్రాడు టైపు చేశాడు. నెల జీతాన్ని నెలలతో గుణించడం, నాగాలు తీసెయ్యడం. నెలల లెక్కకు అదే ఫంక్షన్ పెట్టాడు.

మొదటి పద్దులు సరిపోయాయి. విభవ దగ్గర ఆగింది.

మాట్లాడుకున్న జీతం ఏడాదికి 3,600. నెలకు 300. నాగాలు నాలుగు. రోజుకు పది చొప్పున 40 తీశారు. పుస్తకంలో 3,560 ఉంది. ప్రోగ్రాం 3,860 అంటోంది.

“ఒక నెల తేడా సార్,” అన్నాడు కుర్రాడు.

“తిథులు సరిగా కొట్టావా?”

“విభవ ఉగాది నుంచి శుక్ల ఉగాది సార్. మీరు ముందు వైపు చూపించిన వడ్డీ పద్దు కూడా ఇవే తిథులు.”

ఆయన పుస్తకం తిప్పి ముందు వైపు ఆ పేజీ తీశాడు. అప్పు 2,000. నూటికి రెండు చొప్పున నెలకు 40. పదమూడు నెలలకు వడ్డీ 520. మళ్ళీ వెనక వైపు తిప్పాడు. 3,560లో వడ్డీ 520 పోను చేతికిచ్చింది 3,040. అసలు నిలవ. రెండు పేజీల్లోనూ కింద వేలిముద్ర ఉంది. రెండింటి పక్కనా ఒకే పేరుంది. పెనుగంచిప్రోలు తిరపతమ్మ తిరునాళ్ళలో ఆయన్ను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి పేరు.

“పదమూడో నెలలో పని లేదేమో సార్,” అన్నాడు కుర్రాడు. “ఆ నెల సెలవిచ్చి ఉంటే పన్నెండే వస్తుంది. అలాంటిదేమైనా రాశారా?”

ఆయన జీతం పేజీలో నాగాలు రాసిన చోటు చూశాడు. వాళ్ళ నాన్న అక్షరాలు గుండ్రంగా, స్పష్టంగా ఉన్నాయి. నాలుగు నాగాలకూ తిథులు వేశాడు. విదియ, తదియ, చవితి, పంచమి. ముందు మాసం పేరుంది.

అధిక జ్యేష్ఠం.

ఆయన అది పైకి చదివాడు. కుర్రాడు తల ఊపి మళ్ళీ తెరవైపు తిరిగాడు.

“అయితే పని నడిచిందన్నమాట. ఆ నెలలో నాగాలు కూడా తీశారు.”

ప్రోగ్రాం మొదటినుంచి చూశాడు. సంక్రమణం లెక్క చూశాడు. అమావాస్యలు చూశాడు. ఒక్కో వరుస దగ్గర ఆగి వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు.

“రస్ట్‌లో రాసి చూద్దామా?” అన్నాడు ఆయన.

“ఏ భాషలో రాసినా ఇంతే సార్. ఒకే రెండు తిథులకు ఒక పేజీలో పదమూడు, ఇంకో పేజీలో పన్నెండు రావాలంటే ఫంక్షన్‌కి తిథులు చాలవు. ఆ డబ్బు ఎవరు ఎవరికి ఇవ్వాలో కూడా ముందే చెప్పాలి.”